పాత కమాండ్ మళ్ళీ కావాలంటే: టెర్మినల్‌లో హిస్టరీ సూచనలకి ఏది ఎవరికి పనికొస్తుంది

మనుషుల్ని గుర్తుపెట్టుకోవడంలో మనలో రెండు రకాలవాళ్ళున్నారు. ఇంటిపేరు అందిస్తే చాలు, మిగతా పేరంతా చెప్పేసేవాళ్ళు ఒక రకం. "ఆ తెనాలి పెళ్ళిలో పెరుగు వడ్డిస్తూ చొక్కా మీద పోసుకున్నాడే, వాడు" అంటే తప్ప పోల్చుకోలేనివాళ్ళు ఇంకో రకం. టెర్మినల్‌లో పాత కమాండ్ల సంగతీ అంతే. కొన్నింటికి మొదలు గుర్తుంటుంది, కొన్నింటికి మధ్యలో ఎక్కడో ఒక ముక్క మాత్రమే గుర్తుంటుంది.

హిస్టరీ (గతంలో కొట్టిన కమాండ్ల చిట్టా) నుంచి కమాండ్లు అందించే పనిముట్లు కూడా సరిగ్గా ఈ రెండు రకాలే. టైపు చేస్తుండగా మిగతా భాగాన్ని బూడిద రంగులో పక్కనే చూపించేవి, ఫిష్ లాంటివి, మొదటి రకం. ఒక ముక్క ఇస్తే పాత కమాండ్లన్నీ జల్లెడ పట్టి జాబితా పెట్టేవి, ఎఫ్‌జెడ్‌ఎఫ్ లాంటివి, రెండో రకం. ఈ తేడా చూడకుండా "ఫిష్ మంచిదా, ఎఫ్‌జెడ్‌ఎఫ్ మంచిదా" అని అడిగితే అది గరిటె మంచిదా, జల్లెడ మంచిదా అన్నట్టుంటుంది. నా మటుకు నేను రెండూ వాడతాను. కానీ ఒకటే పెట్టుకునే ఓపిక ఉన్నవాళ్ళకి ఏది చెప్పాలో నాకు స్పష్టంగా తెలుసు. దాని దగ్గరికి వస్తాను.

అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది.

అసలు హిస్టరీ మిగులుతోందా?

నాలుగేళ్ళ క్రితం సంగతి. రాత్రి షిఫ్టులో ఒక సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది. అంతకుముందు కొన్ని నెలల కిందటే ఇదే సర్వర్‌లో ఇదే సమస్య వస్తే పొడుగాటి ఫైండ్ కమాండ్ ఒకటి రాసి, పాత లాగ్ ఫైళ్ళని కుదించి బయటపడ్డాను. మళ్ళీ అదే కొడదామని అప్ యారో నొక్కుతూ పోయాను. ఎల్‌ఎస్, సీడీ, ఎల్‌ఎస్, టెయిల్, మళ్ళీ ఎల్‌ఎస్. చివరిదాకా వెళ్ళినా నాకు కావాల్సింది లేదు. ఏ పనిముట్టు ఉండి ఉన్నా ఆ రాత్రి నాకు ఉపయోగపడేది కాదు, ఎందుకంటే ఫైల్లోనే లేదు.

మనం కొట్టే కమాండ్లని అందుకుని నడిపే ప్రోగ్రామ్‌ని షెల్ అంటారు; బ్యాష్, జెడ్‌షెల్, ఫిష్ అలాంటివే. వాటిలో బ్యాష్ దానంతట అది దాచుకునేది 500 కమాండ్లే. ఉబుంటులో కొత్త యూజర్‌కి వచ్చే సెట్టింగ్స్ ఫైల్లో దీన్ని కాస్త పెంచి మెమరీలో 1000, ఫైల్లో 2000 అని పెట్టారు. రోజంతా టెర్మినల్‌లో ఉండేవాళ్ళకి అది కొన్ని వారాలకి కూడా రాదు. జెడ్‌షెల్ ఇంకా పిసినారి. ఏ సెట్టింగూ పెట్టకపోతే మెమరీలో 30 ఉంచుకుంటుంది, ఫైల్లో ఒక్కటి కూడా రాయదు. మ్యాక్‌లో యాపిల్ వాళ్ళు తమ సెట్టింగ్స్‌లో 2000, 1000 అని పెట్టారు కాబట్టి అక్కడ ఆ ఇబ్బంది అంతగా తెలియదు. ఓ మై జెడ్‌షెల్ అనే రెడీమేడ్ సెట్టింగ్స్ మూట వాడేవాళ్ళకి అది 50,000, 10,000 దాకా పెంచుతుంది. ఫిష్ ఒక్కటే ఈ విషయంలో ఉదారంగా రెండున్నర లక్షల పైచిలుకు కమాండ్లు దాచుకుంటుంది, మనం చేయాల్సింది ఏమీ ఉండదు.

లెక్క వేసి చూడండి. కమాండ్‌కి సగటున 50 అక్షరాలనుకుంటే లక్ష కమాండ్లకి అయ్యేది 5 ఎంబీ. ఫోన్‌లో ఒక ఫొటో అంత. కాబట్టి బ్యాష్‌లో హిస్ట్‌సైజ్ (మెమరీకి), హిస్ట్‌ఫైల్‌సైజ్ (ఫైల్‌కి) రెండూ, జెడ్‌షెల్‌లో హిస్ట్‌సైజ్, సేవ్‌హిస్ట్ రెండూ లక్షకి పెంచేయండి. ఒకటి పెంచి ఇంకోటి మర్చిపోతే లాభం లేదు.

బ్యాష్‌లో ఇంకో చిక్కు ఉంది. అది కమాండ్లని ఫైల్లోకి రాసేది షెల్ మూసేటప్పుడు. మూడు టెర్మినళ్ళు తెరిచి ఒక్కొక్కటీ మూస్తే చివర మూసినది ముందు వాటిని తుడిచేసే ప్రమాదం ఉంది. హిస్ట్‌అపెండ్ అనే ఆప్షన్ ఆన్ చేస్తే తుడవకుండా కిందకి చేరుస్తుంది. ఉబుంటులో ఇది ముందే ఆన్ చేసి ఉంటుంది. అయినా మెషీన్ ఉన్నట్టుండి ఆగిపోతే ఆ రోజు కొట్టినవన్నీ పోతాయి. అందుకే ప్రతి ప్రాంప్ట్‌కీ (కమాండ్ కోసం ఎదురుచూసే లైన్) ముందు హిస్టరీని ఫైల్లో రాసేలా, అంటే హిస్టరీ కమాండ్‌ని చిన్న ఏ ఆప్షన్‌తో ప్రాంప్ట్ కమాండ్‌లో పెట్టడం, మంచి అలవాటు. జెడ్‌షెల్‌లో ఇదే పనికి షేర్ హిస్టరీ అనే ఆప్షన్ ఉంది. కాకపోతే అది ఒక టెర్మినల్‌లో కొట్టింది వెంటనే పక్క టెర్మినల్ అప్ యారోలో కూడా ప్రత్యక్షం చేస్తుంది. నాకది చిరాకు. నాలాంటివాళ్ళకి ఇంక్ అపెండ్ హిస్టరీ అనేది ఉంది, అది ఫైల్లో రాస్తుంది గానీ తెరిచి ఉన్న పక్కవాటిలోకి తోయదు.

ఇది చేశాకే కింద చెప్పబోయేవాటి గురించి ఆలోచించండి. ఎఫ్‌జెడ్‌ఎఫ్ అయినా, బూడిద రంగు సూచన అయినా తోడేది ఈ బావిలోంచే.

బూడిద రంగు సూచన

టైపు చేస్తుంటే ముందుకు మసకగా కనిపించే ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది ఫిష్ షెల్. 2005లో మొదలైన ఈ షెల్‌కి 2013లో వచ్చిన 2.0 వెర్షన్‌తో ఈ సదుపాయం చేరింది. దాన్ని చూసి ముచ్చటపడిన జెడ్‌షెల్ వాళ్ళు జెడ్‌షెల్ ఆటోసజెషన్స్ అనే ప్లగిన్ రాసుకున్నారు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. రైట్ యారో నొక్కితే మొత్తం సూచన తీసుకుంటుంది, ఆల్ట్‌తో ఒక్కో పదం చొప్పున తీసుకోవచ్చు. ఈ రెండోది చాలామందికి తెలియదు, అసలు రుచి అందులోనే ఉంది. పాత కమాండ్‌లో మొదటి నాలుగు పదాలు కావాలి, చివరి ఫైల్ పేరు మారాలి అన్నప్పుడు దానికి మించింది లేదు. మ్యాక్‌లో ఆల్ట్ పని చేయట్లేదని అనిపిస్తే టెర్మినల్ సెట్టింగ్స్‌లో ఆప్షన్ కీని మెటా కీగా వాడమని టిక్ పెట్టాలి.

లోపల మాత్రం తేడా ఉంది. ప్లగిన్ మామూలుగా చేసేది ఒకటే: మీరు కొట్టిన అక్షరాలతో మొదలయ్యే కమాండ్లలో అన్నిటికంటే ఈమధ్యది తెచ్చి చూపిస్తుంది. అది పనిచేసిందా, తప్పు కొట్టి ఎర్రర్ తెచ్చుకున్నదా అని చూడదు. ఒకసారి గిట్ స్టేటస్‌లో అక్షరం పొల్లుపోయిందంటే సరైనది మళ్ళీ కొట్టేదాకా ఆ పొల్లునే ప్రేమగా అందిస్తుంది. ఫిష్ ఒక అడుగు ముందుకేసి, కమాండ్‌లో ఉన్న ఫైళ్ళు ఇప్పుడు నిజంగా ఉన్నాయా అని చూసి, లేకపోతే ఆ సూచన ఇవ్వదు. వేరే ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో కొట్టిన కమాండ్లు ఇక్కడ అనవసరంగా తొంగిచూడకపోవడానికి కారణం అదే. వారం రోజులు ఫిష్ వాడి జెడ్‌షెల్‌కి తిరిగొస్తే ఈ లోటు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ప్లగిన్‌లో దీనికి కొంత మందు ఉంది. ముందు కొట్టిన కమాండ్‌ని బట్టి సూచన ఎంచుకునే పద్ధతికి మార్చుకోవచ్చు. అంటే గిట్ యాడ్ తర్వాత గిట్ అని కొడితే, గతంలో యాడ్ తర్వాత వచ్చిన కమిట్‌ని ముందు చూపిస్తుంది. అయితే హిస్టరీలో నకళ్ళన్నీ తీసేసే ఆప్షన్ పెట్టుకున్నవాళ్ళకి ఈ పద్ధతి సరిగా నడవదు, వరుస చెదిరిపోతుంది కాబట్టి. ప్లగిన్ పెట్టినా ఏమీ కనిపించట్లేదంటే చాలాసార్లు అది రంగు సమస్యే. సూచనకి వాడే 8వ నంబరు రంగు సోలరైజ్డ్ డార్క్ లాంటి థీముల్లో వెనక రంగులో కలిసిపోతుంది. ప్లగిన్‌ని తీసి మళ్ళీ పెట్టే ముందు రంగు మార్చి చూడండి.

ఇక ప్రమాదం గురించి. బూడిద రంగు సూచనకి అలవాటు పడ్డ చెయ్యి కంటి కోసం ఆగదు. రైట్ యారో, ఎంటర్, రెండూ కలిసి ఒకే దెబ్బలా అయిపోతాయి. టెస్ట్ మెషీన్‌లో సర్వీస్ రీస్టార్ట్ చేయాల్సినవాణ్ణి, పొద్దున వాడిన సూచన ఒప్పేసుకుని ప్రొడక్షన్‌లో (జనం వాడుతున్న అసలు సర్వర్‌లో) రీస్టార్ట్ చేశాను ఒకసారి. రెండు పేర్లలో తేడా చివరి నాలుగు అక్షరాలే. అప్పుడు నేను పనిచేసిన కంపెనీలో దాని మీద మీటింగే పెట్టారు. ఆ తర్వాత చేసిన పని, ఫైళ్ళని తుడిచే ఆర్ఎం తోనూ, క్లస్టర్‌లో ఉన్నవాటిని తీసేసే క్యూబ్‌కంట్రోల్ డిలీట్‌తోనూ మొదలయ్యేవి సూచనల్లోకి రాకుండా ఆపడం. ప్లగిన్‌లో హిస్టరీ ఇగ్నోర్ అని ఒక వేరియబుల్ ఉంది, అందులో ప్యాటర్న్ రాస్తే చాలు. అవి హిస్టరీలో ఉంటాయి, వెతికితే దొరుకుతాయి, కానీ తమంతట తాము ముందుకు రావు. ఇది మాత్రం ప్లగిన్ పెట్టిన రోజే చేయండి.

ఫిష్‌కి మారాలా అన్నది వేరే ప్రశ్న. సూచనల కోసమే అయితే అది అన్నిటికంటే బాగా, ఏ సెట్టింగూ లేకుండా పనిచేస్తుంది. 2025లో వచ్చిన 4.0 వెర్షన్‌తో దాన్ని సీ ప్లస్ ప్లస్ నుంచి రస్ట్ భాషలోకి తిరగరాశారు కూడా. కానీ అది బ్యాష్ కాదు. రెండు యాంపర్సండ్లతో కమాండ్లు కలపడం 2018 చివర్లో వచ్చిన 3.0 నుంచి నడుస్తోంది గానీ, ఫర్ లూప్ రాసే తీరు వేరు, కమాండ్‌లోనే పలు లైన్ల టెక్స్ట్ ఇచ్చే హియర్‌డాక్ లేదు. ఆఫీస్ వికీలోంచి కాపీ చేసిన పది లైన్లు అందులో అతికిస్తే ఏదో ఒకచోట తన్నుతుంది. నచ్చినవాళ్ళకి నా సలహా, ఫిష్‌ని లాగిన్ షెల్‌గా మార్చకుండా టెర్మినల్ యాప్ తెరిచేటప్పుడు నడిచేలా మాత్రమే పెట్టుకోండి. స్క్రిప్టులు మొదటి లైన్‌లో బ్యాష్ అని రాసి ఉంటే ఎలాగూ బ్యాష్‌లోనే నడుస్తాయి.

బ్యాష్ వదలలేనివాళ్ళకి బ్లె డాట్ ఎస్‌హెచ్ అని ఒకటుంది. బ్యాష్ స్క్రిప్ట్‌తోనే రాసిన లైన్ ఎడిటర్ అది, బూడిద రంగు సూచనలూ, రంగుల సింటాక్సూ ఇస్తుంది. రాసినవాళ్ళ ఓపికకి దండం పెట్టాలి. పాత మెషీన్లలో మాత్రం కాస్త బరువుగా అనిపించింది నాకు.

ముక్క పట్టుకుని వెతకడం

బ్యాష్‌లోనూ, జెడ్‌షెల్‌లోనూ పుట్టుకతో వచ్చేది కంట్రోల్ ఆర్. నొక్కి ఒక ముక్క కొడితే అది ఉన్న తాజా కమాండ్ వస్తుంది, మళ్ళీ నొక్కితే ఇంకా పాతది. దాటి వెళ్ళిపోతే వెనక్కి రావడానికి కంట్రోల్ ఎస్ అని పుస్తకాల్లో ఉంటుంది. అది నొక్కితే మాత్రం చాలా చోట్ల స్క్రీన్ బిగుసుకుపోతుంది. సర్వర్ హ్యాంగ్ అయిందని టెన్షన్ పడి టెర్మినల్ మూసేసినవాళ్ళని చూశాను. కంట్రోల్ క్యూ నొక్కితే కదులుతుంది. పాతకాలపు టెర్మినళ్ళు అవుట్‌పుట్‌ని ఆపడానికి వాడిన సంకేతం అది, ఇప్పటికీ వదల్లేదు.

దీని బదులు ఎఫ్‌జెడ్‌ఎఫ్ పెట్టుకుంటే అదే కంట్రోల్ ఆర్‌కి మొత్తం జాబితా తెరుచుకుంటుంది. ఒక ముక్క, ఖాళీ, ఇంకో ముక్క ఇస్తే చాలు. ఆ రాత్రి నాకు గుర్తున్నవి "ఫైండ్", "జీజిప్" అనే రెండు ముక్కలే. ఇప్పుడైతే ఆ రెండూ కొడితే వస్తుంది, వరుస కూడా అక్కర్లేదు. ముక్క ముందు సింగిల్ కోట్ పెడితే అక్షరాలు విడివిడిగా కాకుండా ఉన్నదున్నట్టు కలవాలి అని అర్థం, ఆశ్చర్యార్థకం పెడితే అది లేనివి అని. జాబితా తెరిచి ఉండగా కంట్రోల్ ఆర్ ఇంకోసారి నొక్కితే కాలక్రమంలో పేర్చడం, పోలికని బట్టి పేర్చడం ఒకదానికొకటి మారతాయి. 2013 నుంచీ ఉన్న పనిముట్టు, ఒక్కటే బైనరీ ఫైలు, బ్యాష్, జెడ్‌షెల్, ఫిష్ మూడింటికీ వస్తుంది. 2024లో వచ్చిన 0.48 నుంచి సెట్టింగ్స్ ఫైల్లో ఒక్క లైన్ చేరిస్తే సరిపోతుంది.

ఎంచుకున్న కమాండ్‌ని ఎఫ్‌జెడ్‌ఎఫ్ ప్రాంప్ట్ మీద పెట్టి ఆగుతుంది, నడపదు. ఒకసారి చదివి ఎంటర్ కొట్టాలి. పైన చెప్పిన ప్రొడక్షన్ కథ దృష్ట్యా ఆ ఒక్క క్షణం నాకు చాలా విలువైంది.

ఒక్కటే పెట్టుకుంటానంటే నేను చెప్పేది ఇదే, ఎఫ్‌జెడ్‌ఎఫ్. మొదలు గుర్తున్న కమాండ్‌ని అయినా జాబితాలో వెతుక్కోవచ్చు. మధ్య ముక్క మాత్రమే గుర్తున్నదాన్ని బూడిద రంగు సూచన మాత్రం ఎన్నటికీ తేలేదు.

డేటాబేస్‌లో దాచేవి

హిస్టరీ వెతికిపెట్టే అటూయిన్ అనే పనిముట్టు ఇంకో మెట్టు ఎక్కుతుంది. కమాండ్‌తో పాటు ఏ డైరెక్టరీలో కొట్టారు, ఎంతసేపు నడిచింది, పాస్ అయిందా ఫెయిలయిందా, ఏ మెషీన్ మీద అన్నవన్నీ ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో రాస్తుంది. వెతికేటప్పుడు ఈ డైరెక్టరీలో కొట్టినవి మాత్రమే, ఈ సెషన్‌వి మాత్రమే అని కుదించుకోవచ్చు. పది ప్రాజెక్టుల మధ్య తిరిగేవాళ్ళకి ఇది వరం. పాత హిస్టరీని దిగుమతి చేసుకుంటుంది గానీ, ఆ పాతవాటికి డైరెక్టరీ వివరం ఉండదు కాబట్టి అసలు ప్రయోజనం కొన్ని నెలల తర్వాతే తెలుస్తుంది. జెడ్‌షెల్ ఆటోసజెషన్స్ ఉంటే దానికి కూడా సూచనలు తానే అందిస్తుంది.

రెండు విషయాలు ముందే చూసుకోండి. అప్ యారోని కూడా అది తన చేతిలోకి తీసుకుంటుంది. నాలాంటివాళ్ళకి అది గిట్టదు, పెట్టేటప్పుడే ఆ ఒక్కటి వద్దని చెప్పొచ్చు. రెండోది, ఎంటర్ కొడితే కమాండ్ ప్రాంప్ట్ మీద ఆగకుండా వెంటనే నడిచిపోవచ్చు. సెట్టింగ్స్‌లో ఎంటర్ యాక్సెప్ట్ అనేది ఎలా ఉందో చూసి, కావాలంటే ఆపేయండి. ట్యాబ్ నొక్కితే మాత్రం ఎడిట్ చేసుకోవడానికి ఆగుతుంది.

మెషీన్ల మధ్య హిస్టరీ సింక్ చేసుకునే సదుపాయం దీని పేరు మోగడానికి కారణం. మన మెషీన్‌లోనే ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది, సర్వర్ నడిపేవాళ్ళకి చదవడానికి కుదరదు. కీ పోగొట్టుకుంటే మనకీ కుదరదు. సొంత సర్వర్ కూడా పెట్టుకోవచ్చు. అయినా ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో క్లయింట్ సర్వర్ల పేర్లున్న హిస్టరీని బయటికి పంపే ముందు సెక్యూరిటీ టీమ్‌ని ఒక మాట అడగండి. సింక్ మనం రిజిస్టర్ అయితేనే మొదలవుతుంది, లేకుండా ఒక్క మెషీన్ మీదే హాయిగా వాడుకోవచ్చు.

మెక్‌ఫ్లై కూడా ఈ కోవదే. చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌తో, మీరున్న డైరెక్టరీనీ ముందు కొట్టిన కమాండ్లనీ చూసి వరుస నిర్ణయిస్తుంది. నెల వాడి వదిలేశాను. నిన్న మొదట ఉన్నది ఇవాళ మూడోది అవుతుంటే నా వేళ్ళకి అలవాటు కుదరలేదు.

పాస్‌వర్డులు

హిస్టరీ పెంచుకోమని చెప్పినవాణ్ణి ఇది చెప్పకపోతే తప్పు. మైఎస్‌క్యూఎల్‌కి కమాండ్‌లోనే పాస్‌వర్డ్ ఇస్తే అది ఫైల్లో మామూలు అక్షరాల్లో ఉండిపోతుంది. స్క్రీన్ షేర్ చేస్తూ మొదటి రెండక్షరాలు కొట్టగానే బూడిద రంగులో పాస్‌వర్డ్‌తో సహా అందరికీ కనిపిస్తుంది. కమాండ్ ముందు ఒక ఖాళీ పెట్టి కొడితే ఫిష్ దాచుకోదు. ఉబుంటు బ్యాష్‌లోనూ అంతే, జెడ్‌షెల్‌లో హిస్ట్ ఇగ్నోర్ స్పేస్ ఆన్ చేసుకోవాలి. అటూయిన్ ఏడబ్ల్యూఎస్ కీలు, గిట్‌హబ్ టోకెన్ల లాంటి గుర్తుపట్టగలిగే రహస్యాలని తనే వదిలేస్తుంది, కానీ మీ డేటాబేస్ పాస్‌వర్డ్ ఎలా ఉంటుందో దానికేం తెలుసు?

విండోస్ వాళ్ళకి, పక్కవాళ్ళ సర్వర్‌లోకి వెళ్ళేవాళ్ళకి

విండోస్‌లో పవర్‌షెల్ 7 కొత్త వెర్షన్లు వాడుతుంటే బూడిద రంగు సూచన ముందే ఉంటుంది. ఎఫ్2 నొక్కితే అదే జాబితాగా మారుతుంది, రెండు రకాలూ ఒకేచోట దొరికినట్టే. విండోస్‌తో వచ్చే పాత 5.1లో ఈ సూచనలు ఇచ్చే పీఎస్‌రీడ్‌లైన్ మాడ్యూల్‌ని అప్‌డేట్ చేసుకోవాలి.

సర్వీస్, సపోర్ట్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ బాధ వేరు. క్లయింట్ సర్వర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు. వాళ్ళకి నేను చెప్పేది, బ్యాష్‌లో ఏ కీ ఏం చేయాలో రాసుకునే ఇన్‌పుట్‌ఆర్‌సీ ఫైల్లో రెండే లైన్లు: అప్ యారోకి హిస్టరీ సెర్చ్ బ్యాక్‌వర్డ్, డౌన్ యారోకి ఫార్వర్డ్ అని కట్టడం. ఆ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ అని కొట్టి అప్ యారో నొక్కితే దానితో మొదలయ్యేవి మాత్రమే వస్తాయి. బూడిద రంగు సూచన ఇచ్చే దానిలో ముప్పాతిక వంతు అక్కడే దక్కుతుంది, ఏ అనుమతీ అక్కర్లేదు. నలుగురు కలిసి వాడే ఉమ్మడి యూజర్ ఖాతా అయితే మాత్రం ముందు అడిగి పెట్టండి, పక్కవాళ్ళ అప్ యారో కూడా మారిపోతుంది.

ఆ డిస్క్ కమాండ్ మళ్ళీ రాసుకున్నాను. ఈసారి చివర హాష్ గుర్తు పెట్టి "డిస్క్ ఫుల్" అని తగిలించి కొట్టాను. హాష్ తర్వాత ఉన్నది బ్యాష్ నడపదు, హిస్టరీలో మాత్రం దాచుకుంటుంది. జెడ్‌షెల్‌లో ఇంటరాక్టివ్ కామెంట్స్ ఆన్ చేస్తే అక్కడా నడుస్తుంది. ఇప్పుడు కంట్రోల్ ఆర్ నొక్కి ఆ రెండు మాటలు కొడితే పైకి వచ్చే మొదటి లైన్ అదే.